అందరి సంపాదనా కలిపి సమానంగా పంచుకుంటున్నాం, వదిలి వెళ్ళినవాడు స్వార్థపరుడేనా?

వానచినుకు
మేం ఆరుగురం, అనువాదాలు చేస్తాం. రెండేళ్ళ క్రితం ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఎవరికి ఎంత పని వచ్చినా, ఎవరు ఎంత చేసినా, నెలాఖరుకి వచ్చిన మొత్తం ఆరు సమాన వాటాలు. ఆ ఆలోచన నాదే. పని దొరకని నెలలో ఎవరూ భయపడకూడదని, ఒకరికి జబ్బు చేస్తే మిగతా ఐదుగురూ లాక్కురావాలని. మొదటి ఏడాది చాలా బాగా నడిచింది. పోయిన నెల మాలో అందరికంటే వేగంగా పనిచేసే అతను వెళ్ళిపోతానన్నాడు. ఎందుకంటే "నా కష్టం నాకు కనబడటం లేదు" అన్నాడు. నేను అందరి ముందూ అతన్ని స్వార్థపరుడివని అనేశాను. అప్పటినుంచీ సరిగ్గా నిద్ర పట్టడం లేదు.
నాకు ఊహ తెలిసినప్పటినుంచీ సమష్టి మీద నమ్మకం. మనిషి ఒక్కడే ఏదీ సాధించలేడని. ఇప్పుడు ఆ నమ్మకమే కదిలింది. సమానంగా పంచుకోవడం మనిషి స్వభావానికే పడదా, లేక మేమే ఎక్కడో తప్పు చేశామా? రాజకీయ, ఆర్థిక సిద్ధాంతాలు చదివినవాళ్ళు చెప్పండి. నన్ను ఊరడించడానికి మాత్రం రాయొద్దు.

సూటిగా
పడదు. "తనకు మాలిన ధర్మం లేదు" అని మనవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు. అతను రెండేళ్ళు ఉండటమే గొప్ప.

చీమలదండు
ఒక సామెతతో తేల్చేస్తే ఎలాగండీ. "ఎవరికి వారే యమునా తీరే" అన్నదీ మనవాళ్ళే. అది మెచ్చుకోలు కాదు, తిట్టు.

లెక్కలమాస్టారు
సామెతలు పక్కన పెట్టి లెక్క చూద్దాం. ఆరుగురిలో నేను ఒక గంట అదనంగా పనిచేస్తే వచ్చేదాంట్లో నాకు దక్కేది ఆరో వంతు. ఒక గంట తక్కువ చేస్తే నాకు పోయేదీ ఆరో వంతే, గంట మాత్రం మొత్తం నాకే మిగులుతుంది. అదే ఆరువందల మంది అయితే నా వాటాలో తేడా కంటికి కూడా ఆనదు. మాన్‌కర్ ఓల్సన్ అనే ఆర్థికవేత్త 1965లో ఈ మాటే విడమర్చి చెప్పాడు: ఒక ప్రయోజనం అందరికీ మంచిదైనంత మాత్రాన అందరూ దానికోసం పనిచేస్తారని అనుకోవడానికి లేదు, గుంపు పెద్దదయ్యేకొద్దీ ఇంకా కష్టం. యూనియన్లు సభ్యత్వాన్ని తప్పనిసరి చెయ్యాలని ఎందుకు పట్టుబట్టాయో ఆ లెక్కతో అర్థమవుతుంది. జీతం పెంచితే చందా కట్టనివాడికీ పెరుగుతుంది కదా.
"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది" అని సామెత. పక్కన పెడదామని నేనే అన్నాను కానీ, ఇది లెక్కలోకే వస్తుంది కాబట్టి రాశాను.

గోడమీదపిల్లి
నాకు అందరూ చెప్పిందీ సబబుగానే ఉంది.

ఉలిపికట్టె
పిల్లిగారూ, పేరు నిలబెట్టారు.

పాతకాగితం
ఒక్క మాట. తెలుగులో ఈ చర్చ మొదట్లోనే దారి తప్పుతుంది. "స్వార్థం" అనగానే అది తిట్టు. పక్కవాడి నోటి దగ్గరది లాక్కోవడమూ స్వార్థమే, నా కష్టానికి ఫలితం అడగడమూ స్వార్థమే అంటే ఇంక ఏం మాట్లాడతాం? రెండోదానికి స్వప్రయోజనం అనే మాట వాడుకుందాం. వానచినుకు గారూ, మీకు నిద్ర పట్టకపోవడానికి ఆ మాట కూడా ఒక కారణమేమో. అతను చేసింది రెండోది, మీరు అన్నది మొదటిది.
ఆడమ్ స్మిత్ పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదు, ఎలాగూ వస్తుంది కాబట్టి ముందే చెప్తున్నాను. 1776లో ఆయన రాసింది, రొట్టెలు చేసేవాడు మన మీద ప్రేమతో చెయ్యడు, తన బతుకుతెరువు కోసం చేస్తాడు, మన కడుపూ నిండుతుంది అని. అది అందరూ చెప్తారు. అంతకు పదిహేడేళ్ళ ముందు, 1759లో, ఆయనే ఇంకో పుస్తకం రాశాడు. అది మొదలయ్యేదే, మనిషిని ఎంత స్వార్థపరుడని అనుకున్నా, తనకు ఒరిగేది ఏమీ లేకపోయినా ఎదుటివాళ్ళ సుఖదుఃఖాలు అతనికి పడతాయి అనే మాటతో. రెండూ రాసింది ఒకే మనిషి. పైగా 1776 పుస్తకంలోనే, ఒకే వ్యాపారం చేసేవాళ్ళు నలుగురు కలిస్తే మాటలు చివరికి జనం మీద ధరలు పెంచే కుట్ర దగ్గర ఆగుతాయని కూడా రాశాడు. అంటే స్వప్రయోజనాన్ని ఆయన గుడ్డిగా నమ్మలేదు. పోటీ ఉండాలి, న్యాయం ఉండాలి, అప్పుడే అది పదిమందికీ పనికొస్తుందని ఆయన లెక్క.

సూటిగా
ఒప్పుకుంటాను, స్వప్రయోజనం అనే మాట బాగుంది. కానీ చరిత్ర చూడండి. సోవియట్ యూనియన్‌లో 1929 నుంచి పొలాలన్నీ బలవంతంగా కలిపేశారు, 1932-33 కరువులో లక్షలమంది చనిపోయారు. చైనాలో 1959 నుంచి 61 దాకా పోయినవాళ్ళు కోట్లలో. సమష్టి అనే మాట వినగానే నాకు గుర్తొచ్చేది అదే. నేను సరదాకి వాదించడం లేదు, ఆ చావుల గురించి చదివిన తర్వాతే నా అభిప్రాయం మారింది.

ఉలిపికట్టె
చైనా మాట వచ్చింది కాబట్టి షియావోగాంగ్ గురించి చెప్పాలి. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువగా తలలో మెదిలే సంగతి అది.
అన్‌హుయి రాష్ట్రంలో చిన్న ఊరు. 1978 చివర్లో పద్దెనిమిది మంది రైతులు రాత్రిపూట ఒక గుడిసెలో చేరి రహస్యంగా ఒక కాగితం మీద వేలిముద్రలు వేశారు. ఉమ్మడి పొలాన్ని కుటుంబాల వారీగా విడదీసుకుందాం, సర్కారుకి ఇవ్వాల్సింది ఇచ్చేశాక మిగిలింది ఎవరిది వాళ్ళకే అని. అప్పటి చట్టం ప్రకారం అది నేరం, ప్రాణాల మీదికి వచ్చే పని. మరుసటి ఏడాది పంట ఒక్కసారిగా పెరిగింది. అదే భూమి, అవే చేతులు. కొన్నేళ్ళలో దేశమంతా అదే పద్ధతిని ప్రభుత్వమే తెచ్చింది.
సూటిగా గారు ఇది చదివి "చూశారా" అంటారు. ఆగండి. ఆ కాగితంలో ఇంకో షరతు ఉంది. మనలో ఎవరైనా జైలుకి పోతే, వాళ్ళ పిల్లల్ని పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా మిగతావాళ్ళు పెంచాలి.
ఎవరి పొలం వాళ్ళు చేసుకుందామని రాసుకున్న కాగితంలోనే ఒకరి పిల్లల్ని ఒకరు సాకుతామని మాట ఇచ్చుకున్నారు. ఆ మాట లేకపోతే ఎవడు వేలిముద్ర వేసేవాడు? పైవాళ్ళు రుద్దిన ఉమ్మడి చచ్చింది, వాళ్ళంతట వాళ్ళు పెట్టుకున్న ఉమ్మడి నిలబడింది. దీన్ని ఏ వాదంలో వెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.

సూటిగా
పిల్లల షరతు సంగతి నాకు తెలియదు. ఆలోచిస్తాను.

చీమలదండు
సోవియట్, చైనా చావుల్ని నేను తక్కువ చెయ్యను. కానీ 1845లో ఐర్లాండ్‌లో బంగాళాదుంప పంటకి తెగులు తగిలినప్పుడు ఆ దేశం నుంచి ఓడల్లో తిండిగింజలు బయటికి పోతూనే ఉన్నాయి, మార్కెట్‌లో వేలు పెట్టకూడదని పాలకులు గట్టిగా నమ్మారు. దాదాపు పది లక్షలమంది పోయారు. అది ఏ సమష్టివాదం? ఆకలితో పోయినవాళ్ళకి అక్కడా ఇక్కడా ఒకే గతి, వాళ్ళ మాట వినేవాడు లేడు. అమర్త్యసేన్ చెప్పిందీ అదే కదా, పత్రికలు స్వేచ్ఛగా రాసే చోట, ఎన్నికలు సక్రమంగా జరిగే చోట పెద్ద కరువు చావులు జరగలేదని. ఎవరి చేతిలో ఆస్తి ఉందన్నది ఒక ప్రశ్న, ఎవరి గొంతు వినబడుతోందన్నది ఇంకో ప్రశ్న. మనం మొదటిదాని మీదే కొట్టుకుంటున్నాం.

కొత్తగా_వచ్చాను
నాది చిన్న అనుభవం. నేను పనిచేసిన ఒక కంపెనీలో వానచినుకు గారి పద్ధతికి పూర్తి రివర్స్. ఏటా టీంలో అందరికీ ర్యాంకులు, పైవాళ్ళకి బోనస్, కింద ఉన్నవాడికి ఉద్వాసన. ఆరు నెలల్లో ఎవరూ ఎవరికీ ఏమీ నేర్పడం మానేశారు. నాకు తెలిసిన చిట్కా పక్క సీటు అమ్మాయికి చెప్తే నా ర్యాంకు పడిపోతుంది. ఒకసారి ఆమె రాత్రంతా కూర్చుని తంటాలు పడిన సమస్యకి జవాబు నా దగ్గర ఉంది, నేను చెప్పలేదు. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ప్రతివాడూ తన లాభం చూసుకుంటే అందరికీ మేలు జరుగుతుందని నేనిక నమ్మలేను. అక్కడ అందరమూ చూసుకున్నాం, ప్రాజెక్టు మునిగింది.

లెక్కలమాస్టారు
అది కూడా లెక్కకి అందేదే. మీ అందరికీ కలిపి ఉన్న బహుమతి మారదు, దాన్ని ఎవరు లాక్కోవాలన్నదే పోటీ. పక్కవాడిని కిందికి నెట్టినా మీకు అంతే లాభం.

మధ్యాహ్నం
కిబ్బుట్జ్‌ల గురించి, అంటే అందరూ కలిసి బతికే ఉమ్మడి వ్యవసాయ ఊళ్ళ గురించి, ఎవరూ ఎత్తలేదేంటి? వానచినుకు గారి ఏర్పాటుకి బాగా దగ్గరగా ఉన్నది అదే. ఇప్పటి ఇజ్రాయెల్‌లో మొదటిది డెగానియా, 1910. ఎంత పనిచేసినా అందరికీ సమానం, సొంత ఆస్తి లేదు, వంట కూడా ఉమ్మడిగానే. అది బలవంతం మీద పెట్టింది కాదు, నమ్మకంతో పెట్టుకున్నది, ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు. డెబ్భై ఏళ్ళకి పైగా నడిచింది. ఓల్సన్ లెక్క ప్రకారం అన్నేళ్ళు నడవకూడదు మరి.
1980లలో అప్పుల్లో కూరుకుపోయాక చాలావాటిలో జీతాల తేడాలు వచ్చాయి, 2007లో డెగానియా కూడా మారింది. ఎక్కువగా వెళ్ళిపోయింది చదువూ నైపుణ్యమూ ఉన్నవాళ్ళు, బయట వాళ్ళకి ఎక్కువ వస్తుంది కాబట్టి. మీ ఆరుగురిలో వేగంగా చేసేవాడే ముందు వెళ్ళాడు చూడండి.
ఇంకో సంగతి, ఇది మగవాళ్ళు రాసిన చరిత్రల్లో మూలన ఉంటుంది. అంత సమానత్వం చెప్పుకున్న చోట కూడా వంటగదిలో, బట్టలుతికే చోట, పిల్లల దగ్గర ఎక్కువగా తేలింది ఆడవాళ్ళే. "మనం" అనే మాట విన్నప్పుడల్లా నేను ముందు చూసేది, ఆ మనంలో గిన్నెలు ఎవరు తోముతున్నారని. అందుకని సమష్టిని తిట్టడం లేదు, నేను ఆ పక్షమే. కానీ "అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రం మాయం" అన్నట్టు ఉంటే పక్షంలో ఉన్నవాళ్ళమే ముందు అడగాలి.

చీమలదండు
మధ్యాహ్నం గారూ, నిజం. దీనికి నా దగ్గర జవాబు లేదు.

నీలిసిరా
కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.
1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. అందరిదీ అయిన పచ్చికబయల్లో ప్రతి కాపరీ ఇంకో పశువుని తోలుకుంటూ పోతాడు, లాభం తనది, నష్టం అందరిదీ, చివరికి బయలే మిగలదు. మాస్టారు చెప్పిన లెక్కే. అందుకని పరిష్కారాలు రెండే అని చాలామంది తీర్మానించారు, ప్రభుత్వమైనా తీసుకోవాలి, ముక్కలు చేసి ప్రైవేటుకైనా ఇవ్వాలి. మన చర్చా ఆ రెండిటి మధ్యే ఊగుతోంది.
ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త ఏం చేసిందంటే, నిజంగా పచ్చికబయళ్ళూ చెరువులూ చేపలవేటా ఉమ్మడిగా నడుపుకుంటున్న చోట్లు వెతికి చూసింది. స్విట్జర్లాండ్‌లో టోర్బెల్ అనే కొండ ఊరు ఉంది. 1517 నాటి రూలు: చలికాలమంతా తన మేతతో ఎన్ని ఆవుల్ని మేపగలడో అన్నిటినే వేసవిలో ఉమ్మడి కొండకి తోలాలి. ఎంత తెలివైన రూలో చూడండి, లెక్కపెట్టడం తేలిక, అబద్ధం చెప్పడం కష్టం, ఎవడి కొట్టంలో ఎన్ని ఉన్నాయో ఊరందరికీ తెలుసు. స్పెయిన్‌లో వలెన్సియాలో కాలువ నీళ్ళ తగాదాలు తేల్చడానికి రైతులే ఎన్నుకున్న పెద్దలు గురువారం గురువారం కూర్చుంటారు, వందల ఏళ్ళుగా. అక్కడివాళ్ళెవరూ దేవతలు కారు, అందరూ తమ పంటే చూసుకునేవాళ్ళు. కానీ రూలు వాళ్ళే పెట్టుకున్నారు, వాళ్ళే కాపలా కాస్తారు, తప్పు చేస్తే మొదటిసారి చిన్న జరిమానా, తగాదా వస్తే దగ్గర్లోనే తేల్చుకునే చోటు ఉంటుంది. 2009లో ఆమెకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ. హార్డిన్ కూడా తర్వాత తన మాట సవరించుకున్నాడు, నేను చెప్పింది ఎవరూ నిర్వహించని ఉమ్మడి గురించి అని.
నేను చదివింది ఎకాలజీ కాబట్టి ఇంకో ఉదాహరణ కూడా చెప్పకుండా ఉండలేను. కెనడా న్యూఫౌండ్‌ల్యాండ్ దగ్గర కాడ్ చేపలు. ప్రభుత్వం ఉంది, శాస్త్రవేత్తలు ఉన్నారు, కోటాలు ఉన్నాయి. అయినా 1992లో వేటే ఆపేయాల్సి వచ్చింది, వేలమందికి పని పోయింది. తీరంలో చిన్న పడవలవాళ్ళు చేప తగ్గిపోతోందని ముందునుంచీ మొత్తుకున్నారు. సముద్రంలో ఏం జరుగుతోందో రోజూ చూసేవాళ్ళ మాట లెక్కలోకి రాలేదు.

సూటిగా
బాగా రాశారు. కానీ ఒక తేడా ఉంది. పచ్చికబయలు ఎవరూ తయారుచేసింది కాదు. వానచినుకు గారి గ్రూపులో పంచుతున్నది ఒక మనిషి కూర్చుని చేసిన పని. ఆవులు ఉమ్మడి గడ్డి తినడం వేరు, నా పాలు ఉమ్మడి అనడం వేరు. టోర్బెల్‌లో ఆవులు ఎవరివి వాళ్ళవే కదా?

నీలిసిరా
అవును, ఎవరివి వాళ్ళవే. అది మంచి పాయింట్, నాకు తట్టలేదు.

లెక్కలమాస్టారు
సూటిగా గారు చెప్పిన తేడాని ఇంకొంచెం ముందుకి తీసుకెళ్తాను. వానచినుకు గారు మొదట్లో రాసింది మళ్ళీ చదివాను. పని దొరకని నెల, జబ్బు. అంటే ఆవిడకి కావాల్సింది సమానత్వం కంటే ఎక్కువగా బీమా. బీమాకి మొత్తం సంపాదన కలపక్కర్లేదు, కొంత కలిపితే చాలు. మొత్తం కలిపితే కష్టపడేవాడికి ఆరో వంతే, ఏమీ కలపకపోతే జబ్బు చేసినవాడికి సున్నా. మధ్యలో ఎక్కడ గీత గియ్యాలన్నదే అసలు సంగతి. దేశాల్లో పన్నుల గొడవంతా ఆ గీత గురించే.
ఒక ఇబ్బంది ఉంది. బీమా అనేది ఎవరికి ఏం జరుగుతుందో తెలియకముందే కట్టుకోవాలి. రెండేళ్ళయ్యాక ఎవరు వేగమో ఎవరు నెమ్మదో అందరికీ తెలిసిపోయింది. ఇప్పుడు వేగంగా చేసేవాడికి అది బీమాలా కనబడదు, దానంలా కనబడుతుంది.

పాతకాగితం
మాస్టారి మాట సరైనదే కానీ, గంటలూ పేజీలూ లెక్కపెట్టడం మొదలుపెట్టే ముందు ఒకటి ఆలోచించండి. ఇజ్రాయెల్‌లోనే హైఫాలో కొన్ని డేకేర్ సెంటర్లలో, పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకి జరిమానా పెట్టి చూశారు. నీజీ, రుస్తిచీనీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2000లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఆలస్యాలు తగ్గకపోగా బాగా పెరిగాయి. అంతకుముందు టీచరు పాపం ఎదురుచూస్తుందని గిల్టీగా ఉండేది, ఇప్పుడు డబ్బు కడుతున్నాం కదా అని. జరిమానా తీసేశాక కూడా మళ్ళీ పాత స్థితి రాలేదు. ఒకరి మీద ఒకరికి ఉన్న మొహమాటాన్ని రేటు కట్టి అమ్మేశాక తిరిగి కొనుక్కోలేం. మీ మొదటి ఏడాది బాగా నడిచింది అన్నారు చూడండి, అది నడిపించింది ఆ మొహమాటమే.

కొత్తగా_వచ్చాను
అలాగని లెక్క లేకుండా ఉంటే? మొహమాటం ఎక్కువ ఉన్నవాడే అన్నీ మోస్తాడు. మా కాలేజీ ప్రాజెక్టుల్లో ఎప్పుడూ అదే జరిగేది.

మధ్యాహ్నం
మా ఇంట్లో ఇప్పటికీ అదే జరుగుతోంది.

ఉలిపికట్టె
నాకు ఒకటే అనుమానం, వానచినుకు గారూ. "నా కష్టం నాకు కనబడటం లేదు" అన్నాడు అన్నారు. డబ్బు చాలటం లేదు అన్నాడా? మీరు రాసిందాంట్లో ఆ మాట లేదు. షియావోగాంగ్ రైతులు కూడా పక్కవాడికి పెట్టనని అనలేదు. మీరు అతనితో మళ్ళీ మాట్లాడారా?

సూటిగా
మంచి ప్రశ్న. ఇంకోటి కూడా అడగండి, ఆ ఆరు సమాన వాటాల నిర్ణయం ఆరుగురూ కూర్చుని తీసుకున్నదేనా, లేక మీరు చెప్తే మిగతావాళ్ళు సరే అన్నారా.

గోడమీదపిల్లి
ఈసారి గోడ దిగుతున్నాను. వానచినుకు గారు అతన్ని తిట్టడం తప్పు. ఏర్పాటు పెట్టడం తప్పు కాదు.

వానచినుకు
నాలుగు రోజులు ఏమీ రాయలేదు, క్షమించండి. అందరివీ రెండేసి సార్లు చదివాను. నిన్న అతని ఇంటికి వెళ్ళాను.
ముందు క్షమాపణ చెప్పాను. తర్వాత ఉలిపికట్టె గారి ప్రశ్న అడిగాను. డబ్బు గురించి కాదన్నాడు. పోయిన ఏడాది రెండు మీటింగుల్లో, ఎవరు ఏ పని చేశారో కనీసం ఒక షీట్‌లో రాసుకుందామని అతను అడిగాడట. నాకు గుర్తుంది. మనం స్నేహితులం, మనకి లెక్కలెందుకు అని నేనే కొట్టిపారేశాను, అందరూ చప్పట్లు కొట్టారు. అతను ఆ రోజే వెళ్ళిపోవాలని అనుకున్నాడట. జబ్బు చేసిన మా ఇంకో ఆమె కోసం ఎనిమిది నెలలు ఆగాడు. ఆమె వాటా పని ఎక్కువభాగం చేసింది అతనేనని నిన్నటిదాకా నాకు తెలియదు. రాసుకుని ఉంటే తెలిసేది.
సూటిగా గారూ, మీ ప్రశ్నకి జవాబు కూడా రాయాలి. ఆరుగురం కూర్చున్నాం కానీ మాట్లాడింది నేనే.
అతను తిరిగి రాడు, ఆ నిర్ణయం అయిపోయింది. మిగతా ఐదుగురం ఆదివారం కూర్చుంటున్నాం. మాస్టారు చెప్పినట్టు కొంత కలపడం, కొంత ఎవరిది వాళ్ళకి. ఎంతన్నది నేను ముందుగా అనుకుని వెళ్ళదలచుకోలేదు. ఎవరు ఏం చేశారో రాయడం మాత్రం ఉంటుంది, జరిమానాలు ఉండవు. అనారోగ్యం నిధిలో తనని కూడా ఉండనిస్తారా అని అతను అడిగాడు. బయట ఒంటరిగా చేసుకుంటాడు, నిధికి మాత్రం నెలనెలా కడతాడట. ఏం చెప్పాలో తెలియక అడిగి చెప్తానన్నాను.

లెక్కలమాస్టారు
ఒప్పుకోండి. ఎక్కువ సంపాదించేవాడు నిధిలో ఉండటం నిధికే బలం.

మధ్యాహ్నం
ఆదివారం ఆ జబ్బు చేసిన ఆమెని ముందు మాట్లాడనివ్వండి.

సూటిగా
మాస్టారి మాటే నాదీ. వానచినుకు గారూ, ఏం తేలిందో వచ్చి రాయండి. ఆ కాగితం మీద ఏం రాసుకున్నారో కూడా.